మైనస్ ఇరవై కిలోల పాప

మాకు పిల్లలు లేరు. ఆ సంగతి గురించి ఇంతకన్నా రాయవలసింది లేదు. అయినా మా ఇంట్లో వేర్వేరు కాలాల్లో ఐదుగురు పిల్లలు ఉండి వెళ్ళారు. అందరూ వేరేవాళ్ళ పిల్లలే. తల్లి ఆసుపత్రిలో ఉందనో, తండ్రికి ఎడారిలో డ్యూటీ పడిందనో కొన్ని వారాలు, కొన్ని నెలలు ఉన్నవాళ్ళు. ఇది మొదటి పాప సంగతి. పిల్లల గురించి అప్పటికి నాకు తెలిసింది సున్న అని చదివేవాళ్ళు ముందే గుర్తు పెట్టుకుంటే మంచిది.

నాకు తెలిసింది రాళ్ళ లెక్క. గల్ఫ్‌లో, రాస్ అల్ ఖైమా కొండల కింద ఒక క్వారీలో కాంటా గుమాస్తాను. డెబ్బైల నడుమ కరీంనగర్ జిల్లా నుంచి పార పట్టుకునే పనికి వచ్చాను. నా చదువు ఐదో తరగతిలో ఆగిపోయింది. దశాంశాలు, శాతాలు, సగటులు క్యాంపులో మంచం మీద బోర్లా పడుకుని, చింపిన సిమెంటు సంచుల మీద నాకు నేనే నేర్చుకున్నాను. ఒకరోజు మేనేజరు లెక్కలో రెండు టిప్పర్లు తప్పాయని చెప్పాను. మేం ముదీర్ అనే ఆ మేనేజరు మూడు రోజులు నా ముఖం చూడలేదు. నాలుగో రోజు నా చేతిలో పార తీసేసి పెన్ను పెట్టాడు. తెల్లారగానే కాంటా తెరవాలి కాబట్టి దాని పక్కనే రెండు గదులిచ్చారు. కొన్నేళ్ళకు మా కఫీల్, అంటే మాకు పూచీ ఉన్న అరబ్బు యజమాని, దయతలచి వీసా ఇస్తే నా భార్యను తెచ్చుకున్నాను.

కాంటా అంటే లారీ నిలబడితే బరువు చెప్పే పెద్ద ఇనుప పలక. దాని అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి, ముందు ముందు పనికొస్తుంది. మొదట్లో కంపెనీ ట్రిప్పులు లెక్కపెట్టి డ్రైవర్లకు డబ్బిచ్చేది. రోజుకు పది ట్రిప్పులు చేసే డ్రైవర్లు హఠాత్తుగా పదిహేను చెయ్యడం మొదలుపెట్టారు. చూస్తే టిప్పర్లు సగమే నిండి వస్తున్నాయి. అప్పుడు కాంటా పెట్టారు. అంటే సగం బండిని నిండు బండిగా లెక్క రాయించుకునే మోసాన్ని పట్టుకోవడమే నా ఉద్యోగం.

ఎనభైల్లో ఒక ఎండాకాలం మధ్యాహ్నం, మా కంపెనీ ట్రైలర్ డ్రైవరు ఒకతను చీటీ ఇచ్చేసి కూడా కిటికీ దగ్గరే నిలబడిపోయాడు. కోనసీమ మనిషి. భార్యా, ఐదేళ్ళు నిండబోతున్న కూతురూ ఇక్కడే ఉండేవారు. భార్యకు మళ్ళీ నెల తప్పింది, కానుపు కష్టమని దుబాయ్‌లో పెద్దాసుపత్రిలో పడుకోబెట్టేశారు. పిల్ల పుట్టేదాకా మంచం దిగకూడదు. ఆ వార్డులోకి పిల్లల్ని రానివ్వరు. అతనేమో ట్రైలర్ వేసుకుని వెళితే మస్కట్ నుంచి తిరిగి రావడానికి ఎన్ని రోజులవుతుందో అతనికే తెలియదు.

"రెండున్నర నెలలండి అన్నయ్యా," అన్నాడు. "మీ ఇల్లయితే బావుంటదని మా ఆవిడంది. కానీ మొగోళ్ళు మొగోళ్ళు మాటాడేసుకుంటే కుదరదంటండి. పైనుండి చూసే పెద్దమనిషి ఒకరుండాలంట."

ఇంటికి వెళ్ళి నా భార్యతో చెప్పాను. పప్పు కడుగుతున్నది, చేతులు ఆపలేదు. ఆ రోజు పప్పు నాలుగుసార్లు కడిగింది. మామూలుగా రెండుసార్లు.

ఆ రోజుల్లో మనవాళ్ళకు ఇలాంటి అవసరం వస్తే చూసుకునే చోట్లు మూడు ఉండేవి. ఒకటి దుబాయ్‌లో ఒక తెలుగు సంఘం. రెండు మా క్యాంపు బాసు. మూడు గోదావరి జిల్లాల వాళ్ళ ప్రార్థన కూటం, అందులో ఒక పెద్దావిడ. ఎవరి ద్వారా పాపను తెచ్చుకోవాలో నేనే తేల్చాలి. కొత్త నోటుపుస్తకం తీసి ఏడు ప్రశ్నలు రాసుకున్నాను. ఇంతకు ముందు ఎంతమంది పిల్లల్ని ఇళ్ళలో ఉంచారు, జ్వరమొస్తే ఎవరికి కబురు పెట్టాలి, వచ్చి చూస్తారా, ఇలాంటివి. మొత్తం వంద మార్కులు.

సంఘం వాళ్ళు చాలా మర్యాద చేశారు. అధ్యక్షుడు, కార్యదర్శి, ముగ్గురు ఉపాధ్యక్షులు వరసగా కూర్చున్నారు. నా ప్రశ్నలన్నీ ఓపిగ్గా విని, ఇది చాలా ముఖ్యమైన విషయమని, దీని మీద ఉపసంఘం వెయ్యాలని తీర్మానించారు. ఉపసంఘం ఎప్పుడు కూర్చుంటుందని అడిగాను. నాటకం అయిపోయాక అన్నారు. నాటకం ఎప్పుడంటే తేదీ చెప్పారు. వేళ్ళ మీద లెక్క చూసుకుంటే అప్పటికి పుట్టబోయే బిడ్డకు మూడో నెల నడుస్తుంది. కానీ వాళ్ళ దగ్గర అచ్చు వేసిన ఫారం ఉంది, ముద్ర ఉంది. డెబ్బై ఒక్క మార్కులు వేశాను.

క్యాంపు బాసు హైదరాబాదీ. నా మాట పూర్తి కాకముందే లేచి స్టోర్ తాళం తీశాడు. ఒక ఇనప మంచం, పరుపు, దుప్పటి, ప్లేటు, గ్లాసు, చెంచా ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. పాపకు హెల్మెట్ కూడా ఇవ్వబోతే నేనే వద్దన్నాను. వచ్చి చూస్తారా అని అడిగితే, నెలాఖరున సామాను సరిగ్గా ఉందో లేదో చూడడానికి ఎలాగూ వస్తానన్నాడు. వేగానికి మంచి మార్కులిచ్చాను. అరవై నాలుగు.

మూడోచోటుకి శుక్రవారం నా భార్యను కూడా తీసుకుపోయాను. ఆ పెద్దావిడను అందరూ దొడ్డమ్మ అనే పిలిచేవారు. ఒక అరబ్బు ఇంట్లో పధ్నాలుగేళ్ళుగా పిల్లల్ని పెంచుతున్నది. శుక్రవారం మాత్రం సెలవు. ప్రార్థన అయ్యాక ఒక మూల చాప మీద కూర్చుని ఉంది. నేను పుస్తకం తెరిచి మొదటి ప్రశ్న అడగబోయేసరికి ఆవిడే అడిగింది.

"పిల్ల ఏడిత్తే ఏం చేత్తారు తమ్ముడూ?"

"ఎంతసేపు ఏడ్చిందో రాసుకుంట," అన్నాను.

"రాసుకుని?"

రాసుకున్నాక ఏం చెయ్యాలో నేను అప్పటివరకు ఆలోచించలేదు. "తెల్లారి ఎంతసేపు ఏడుస్తదో దానితోని పోల్చి చూస్త."

ఆవిడ నన్ను కాసేపు చూసి నా భార్య వైపు తిరిగింది. "మీరేం చేత్తారమ్మా?"

"ఎత్తుకుంట," అంది నా భార్య.

ఆ తర్వాత ఆవిడ నన్ను ఇంకేమీ అడగలేదు. మా మతం అడగలేదు, మా ఊరు అడగలేదు. పాపను మీ ఇంటికి పంపిస్తాను, మూడు శుక్రవారాలు వచ్చి చూస్తాను, నాకు నచ్చకపోతే మారు మాట లేకుండా తీసుకుపోతాను అని చెప్పింది. నా ఏడు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు దొరకలేదు. ఫారం లేదు, ముద్ర లేదు. పైగా తీసుకుపోతానంటున్నది. ముప్పై ఎనిమిది మార్కులు కూడా నేను ఉదారంగా వేసినవే.

తిరుగు దారిలో టాక్సీలో నా భార్యకు పట్టిక చూపించి, సంఘమే మేలని చెప్పాను. ఆమెకు చదువు రాదు, అంకెలు వచ్చు. మూడు అంకెలూ చూసింది.

"నూటికి ఎన్నన్న ఏసుకో," అంది. "పిల్లను ఇచ్చెటోళ్ళను ఎతుకుతున్నవ్ నువ్వు. మనం మంచిగ చూడకపోతె వచ్చి గుంజుకపోయెటోళ్ళు కావాలె. గామె ఒక్కతే గట్లన్నది."

నేను పట్టిక మళ్ళీ వేశాను. 'తీసుకుపోతానన్నారా' అని ఎనిమిదో ప్రశ్న చేర్చి, దానికి అరవై మార్కులు పెట్టాను. దొడ్డమ్మకు నూట అరవైకి తొంభై ఎనిమిది వచ్చాయి. ఇలా చెయ్యడం లెక్కల్లో న్యాయం కాదు. కానీ ఆ రోజు టాక్సీలో న్యాయం నా భార్య వైపు ఉంది.

పాప ఒక ఎయిర్‌బ్యాగుతో వచ్చింది. అందులో తొమ్మిది గౌన్లు, ఒక కుడికాలి చెప్పు. ఎడమకాలిది తండ్రి ట్రైలర్లో ఉండిపోయి మస్కట్ వెళ్ళింది, పదకొండు రోజులకు గాని తిరిగి రాలేదు. అన్ని రోజులూ ఒంటి చెప్పుతోనే తిరిగింది. నా భార్య కొత్తవి తెస్తే వేసుకోలేదు. నాతో మాట్లాడలేదు. మంచం మీద కూర్చుని గోడ వైపు చూసేది. మొదటి రోజు ఏడుపు ఇరవై రెండు నిమిషాలు, రెండో రోజు పందొమ్మిది, మూడో రోజు ముప్పై ఒకటి. పోల్చి చూశాను. ఏమీ తెలియలేదు.

తిండి ఇంకా కష్టం. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది. పిల్ల బాగా తింటున్నదని దొడ్డమ్మకు రుజువు చూపించాలి కదా. అందుకని భోజనం వేళకు పుస్తకం పట్టుకుని ఎదురుగా కూర్చునేవాణ్ణి. ముద్ద నోట్లోకి పోగానే ఒక నిలువు గీత. నాలుగు నిలువు గీతల మీద ఐదోది అడ్డంగా, టిప్పర్లకు గీసినట్టే. మధ్యమధ్యలో ఆకలైతుందా అని అడిగేవాణ్ణి. లేదని తలూపేది.

నాలుగో రోజున పాప నా గీతలను గమనించింది. ఒక ముద్ద తిని పుస్తకం వైపు చూసింది. గీత గీశాను. ఇంకో ముద్ద తిని మళ్ళీ చూసింది. మళ్ళీ గీశాను. ఆ పూట పద్దెనిమిది ముద్దలు. మర్నాడు ముప్పై ఒకటి. ఆ తర్వాత యాభై ఎనిమిది. వారం తిరిగేసరికి నూట నాలుగు. మొదటి శుక్రవారం దొడ్డమ్మ వచ్చినప్పుడు అంకెలు చదివి వినిపించాను. ఆవిడ ఊఁ అని పాప దవడలు పట్టుకుని చూసి వెళ్ళింది.

"నీ లెక్క పెరుగుతున్నది, పోరి చిక్కుతున్నది," అంది నా భార్య రెండు రోజుల తర్వాత. "చేతి గాజులు సూడు, మోచెయ్యి దాక జారుతున్నయ్."

ముద్దలు పెరుగుతుంటే మనిషి ఎలా చిక్కుతుంది? ట్రిప్పులు పెరిగి టన్నులు పెరగకపోతే ఏమిటో పొద్దస్తమానం చెప్పే మనిషినే నేను. అయినా నాకు తట్టలేదు. ఆ మధ్యాహ్నం కంచం దగ్గర ముందుకు వంగి చూశాను. పాప ఒక మెతుకు తీసింది. ఒకే ఒక్క మెతుకు. దాన్ని నోట్లో వేసుకుని, శ్రద్ధగా నమిలి, మింగి, నా పెన్ను వైపు చూసింది. ఐదేళ్ళు నిండని పిల్ల సగం బండి కాదు, ఖాళీ బండిని నా చేత నిండు బండిగా రాయించుకుంటున్నది.

దీనికి క్వారీలో మందు ఒక్కటే. కాంటా.

పన్నెండు నుంచి ఒంటిగంట దాకా బళ్ళన్నీ ఆగుతాయి. నా భార్య పడుకున్నాక పాపను తీసుకుని కాంటా దగ్గరికి పోయాను. పికప్ బండి నడిపే పఠాను ఉన్నాడు. ముందు అతన్నీ బండినీ తూచి, తర్వాత పాపను పక్కన కూర్చోబెట్టి తూస్తే, తేడా పాప బరువు. లెక్క సరైనదే. మా కాంటా ఇరవై కిలోల కంటే చిన్న తేడా చూపించదన్న మాట నాకు తెలియనిది కాదు. దగ్గర దగ్గరగా అయినా తెలుస్తుందనుకున్నాను.

మొదటి బరువు చీటీ మీద వేశాను. పాపను ఎక్కించి రెండోసారి చూశాను. మొదటిదానికంటే ఇరవై కిలోలు తక్కువ ఉంది. కిటికీలోంచి అంకె చదివి చెప్పాను.

"మునీమ్ జీ," అన్నాడు పఠాను చాలా గంభీరంగా, "బచ్చీ బైఠీ, గాడీ హల్కీ హో గయీ."

పిల్ల కూర్చుంటే బండి తేలికవడం ఏమిటని విచారిస్తే, పాప కాళ్ళు పెట్టుకోవడానికి అడ్డమని అతను నీళ్ళ డబ్బాలు రెండూ కిందికి దించేశాడట. మర్యాదస్థుడు. ఆ సంగతి తెలిసే లోపల నేను పుస్తకంలో రాసేశాను: పాప, మైనస్ ఇరవై కిలోలు, మళ్ళీ చూడాలి. రాసింది కొట్టెయ్యడం నా అలవాటు కాదు.

అప్పుడు పాప నాతో మొదటిసారి మాట్లాడింది. "ఇంకోసారి," అంది.

డబ్బాలు మళ్ళీ ఎక్కించి ఇంకోసారి తూచాను. సున్న వచ్చింది. ఇంకోసారి అంది. ప్లస్ ఇరవై. మళ్ళీ ఒకసారి. సున్న. కాంటా పలక కదిలినప్పుడల్లా నవ్వుతూ పఠాను భుజం పట్టుకున్నది. నాలుగు తూకాల సగటు కట్టాను. సున్న. నేను నేర్చుకున్న గణితం ప్రకారం మా ఇంట్లో పాప లేదు. రాసుకున్నాను.

అది రెండో శుక్రవారానికి ముందు రోజు. ఆ శుక్రవారం దొడ్డమ్మ రాలేకపోయింది, వాళ్ళ అరబ్బు ఇంట్లో పెళ్ళి. మూడో శుక్రవారం వచ్చింది. అదే ఆఖరిది. ఆవిడ పాప వేళ్ళు, గోళ్ళు, జుట్టు చూసి, మంచం కింద చూసి, వంటింట్లో గిన్నెలు చూసింది. నా వంతు వచ్చిందనుకుని పుస్తకం ఆవిడ చేతికిచ్చాను. ఇంత నిజాయితీగా రాసిన లెక్క ఎవరూ ఇచ్చి ఉండరని నా ధీమా. బైబిలు చదివే వేలితో ఒక్కొక్క పంక్తీ చదువుకుంటూ పోయింది. ఒకచోట వేలు ఆగింది.

"ఇదేంటి తమ్ముడూ?"

చెప్పాను. నీళ్ళ డబ్బాల సంగతి కూడా వదలకుండా చెప్పాను. ఆవిడ ముఖం మారిపోయింది.

"లారీలు తిరిగే కాడికి చంటిపిల్లని తీసుకెళ్ళారా?"

"పన్నెండు నుంచి ఒంటిగంట దాక అన్ని ఆగి ఉంటయి దొడ్డమ్మా. ఒక్కటి గూడ కదలదు."

"లారీ ఆగుద్ది. పిల్ల ఆగుద్దా?" అంది. మళ్ళీ నా భార్యతో, "సామాను సద్దెయ్యండమ్మా," అంది.

మారు మాట ఉండకూడదని ముందే ఒప్పుకున్నాం. నా భార్య ఎయిర్‌బ్యాగు తీసి, గౌన్లు ఒక్కొక్కటే మడతపెట్టడం మొదలుపెట్టింది. ఒక్కొక్క గౌను మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేది. నేను ఆరో గౌను దాకా లెక్కపెట్టి, ఇక చేతకాక మానేశాను. లెక్క మధ్యలో మానెయ్యడం నాకు అదే మొదటిసారి.

ఇంకేం తోచక పాపను ఆకలైతుందా అని అడిగాను. పాప సామాను సంగతేదీ పట్టించుకోలేదు. దొడ్డమ్మ ఒళ్ళో ఉన్న పుస్తకాన్ని అందుకుని, నా జేబులో పెన్ను లాక్కుని, చివరి పేజీ తెరిచి ఒక గీత గీసింది. దాని ఎదుటి పేజీ నిండా గీతలున్నాయి. వంకరటింకర గీతలు, నాలుగింటి మీద ఐదోది అడ్డంగా. నేను వాటిని ఎప్పుడూ చూడలేదు.

"ఇయ్యేంటే అమ్మా?" అంది దొడ్డమ్మ.

"మావయ్య లెక్క."

"ఏం లెక్క?"

"మావయ్య ఆకలవుతుందా అని అడిగినవి."

దొడ్డమ్మ పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. ఎదురుగా ఉన్న నేనూ తలకిందులుగానే లెక్కపెట్టాను. నలభై మూడు. ఇద్దరికీ ఒకటే వచ్చింది.

"ఇయన్నీ నువ్వొచ్చిన కాడినుంచా?"

"కాదు, నిన్నటివి," అంది పాప. "ఇయాల్టివి పక్క పేజీలో ఉన్నాయి."

నాకు మళ్ళీ ఆకలైతుందా అని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను.

"మరి అత్త అడగదా?" అంది దొడ్డమ్మ.

"అత్త అడగదు. మావయ్య డూటీకెళ్ళాక పెట్టేత్తాది."

నేను నా భార్య వైపు చూశాను. ఆమె గౌను మడతలు చూస్తున్నది. అయితే నేను కాంటాలో ఉన్నప్పుడు, గీత లేకుండా, ఈ ఇంట్లో ఒక భోజనం నడుస్తున్నదన్నమాట. పాప దవడల వైపు అప్పుడు చూశాను. గాజులు మోచేతి దాకా జారడం లేదు. వారం నుంచి అది నా కళ్ళ ముందే ఉంది, పుస్తకంలో లేదు కనుక నాకు కనబడలేదు.

దొడ్డమ్మకు నవ్వు కడుపులోంచి మొదలై భుజాల దాకా రావడానికి కొంత సమయం పట్టింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది.

"ఏదో ఒకటి తీసుకెళ్తానని వచ్చాను కాబట్టి ఈ పుస్తకం తీసుకెళ్తాను. పిల్లనుంచుకోండి. కాంటా కాడికి మళ్ళీ తీసుకెళ్ళారంటే మాత్రం మిమ్మల్నే తీసుకుపోతాను."

నా భార్య ఎయిర్‌బ్యాగు బోర్లించి గౌన్లన్నీ మంచం మీద కుమ్మరించింది. అంత కష్టపడి మడతపెట్టినవి.

మిగిలిన ఏడు వారాలకు నా దగ్గర ఒక్క అంకె కూడా లేదు. చేతులు ఖాళీగా ఉండడంతో మొదట చాలా ఇబ్బంది పడ్డాను. పాపే సాయంత్రాలు నాకు పని పెట్టేది. గడప మీద కూర్చుని టిప్పర్లు లెక్కపెట్టేవాళ్ళం. ఇద్దరి లెక్కా కలవనప్పుడు తనదే సరైనదనేది. ఒక్కసారి నిజంగానే తనదే సరైనది.

కానుపు క్షేమంగా అయింది, తమ్ముడు పుట్టాడు. తల్లిని ఇంటికి పంపే రోజున పాపను దుబాయ్ తీసుకుపోయాం. ఆసుపత్రి బయటి గదిలో ఆమె కుర్చీలో కూర్చుని ఉంది. తండ్రి చంటిబిడ్డను పట్టుకుని ఉన్నాడు, దొడ్డమ్మ పక్కన ఉంది. తల్లి ఒళ్ళో నా నోటుపుస్తకం. అట్ట ఊడిపోయి, పేజీల అంచులు నలిగి, ఎవరో పదే పదే చదివినట్టుంది. దొడ్డమ్మ ఆ శుక్రవారమే దాన్ని తిన్నగా ఆసుపత్రికి పట్టుకుపోయి ఆమెకిచ్చిందట.

"రోజూ చదువుకున్నానన్నయ్యా," అంది ఆమె. "ఎన్నింటికి లేచిందో, ఎంతసేపు ఏడిచిందో, ఏ గౌను వేసుకుందో, అన్నీ రాశారు కదా. మైనస్ ఇరవై కాడ నవ్వాపుకోలేకపోతే నవ్వకూడదని నర్సు తిట్టింది." పేజీలు తిప్పి ఆఖరికి వచ్చింది. "మూడు వారాలవే ఉన్నాయి. మిగతా ఏడు వారాలవి ఏవండీ?"

నేను దొడ్డమ్మ వైపు చూశాను. దొడ్డమ్మ పైన తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూసింది.

"రాయలేదమ్మా," అన్నాను. "పెట్టినం, తిన్నది."

ఆమె పుస్తకం మూసి పక్కన పెట్టింది. పాపను ఒళ్ళోకి లాక్కుంది. "బరువెక్కిందండీ," అంది మొగుడితో.

ఎంత అని నేను అడగలేదు.